అవ్వను జీవిత కథ అడగొద్దు, చేట గురించి అడగండి

కర్నూలులో మీ అవ్వ ముందు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టగానే "నా బతుకులో ఏముంది నాయనా చెప్పేదానికి" అని ఊరుకుంటోందని రాశారు. చిక్కంతా ప్రశ్నలోనే ఉందండీ. "నీ జీవితం గురించి చెప్పు" అంటే ఎవరికైనా టెన్షనే.

చేతిలో పని ఉన్నప్పుడు అడగండి. మా అవ్వ శెనక్కాయలు ఒలుస్తుంటే నేనూ పక్కన కూర్చుని ఒలుస్తూ "ఈ చేట ఎక్కడిది?" అన్నాను. చేట నుంచి సంతకు, సంత నుంచి పెళ్లికి, అక్కడి నుంచి కరువులో అమ్మేసిన ఎద్దుల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయి, ఒక కాయను వేళ్ల మధ్య తిప్పుతూ చాలాసేపు మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. తర్వాత తనే ఆ ఎద్దుల పేర్లతో సహా చెప్పింది.

సంవత్సరాలు అడగొద్దు. "కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు నువ్వెంత పిల్లవు?" అనండి, అది 1953-56 మధ్య కాలమని మీకు తెలుసు కదా. 2009 అక్టోబరు వరద మీ వీధిలోకి వచ్చి ఉంటే, ముందు ఏ వస్తువు చేతపట్టుకుందో అడగండి.

రాసేటప్పుడు ఆమె యాసను దిద్దకండి. "చెప్పేదానికి"ని "చెప్పడానికి" చేయొద్దు, దయచేసి. ఇంట్లో వాళ్లకు పంపే ముందు ఆమెకే ఒకసారి వినిపించండి. వద్దన్న భాగం తీసేయండి.