బ్లీచింగ్ వేసినా బడి కుళాయి నీళ్లలో బ్యాక్టీరియా వస్తోంటే

చాలావరకు కారణం ట్యాంకు అడుగున పేరుకున్న బురదే. మీరు రోజూ వేసే బ్లీచింగ్‌లోని క్లోరిన్‌ని అదే తినేస్తుంది, అందుకే బ్లీచింగ్ వేసినా పరీక్షలో బ్యాక్టీరియా కనిపిస్తోంది.

1. ట్యాంకు ఖాళీ చేసి గోడలు, అడుగు బ్రష్‌తో రుద్ది కడగండి.

2. బ్లీచింగ్ పొడిని బకెట్ నీళ్లలో కలిపి, తెల్లటి మడ్డి దిగాక పైతేట మాత్రమే మళ్లీ నింపిన ట్యాంకు నీళ్లలో పోయండి. మూత తీసి ఉంచిన పాత పొడి వాడొద్దు, బలం ఉండదు.

3. అందరూ వదిలేసేది ఇదే: కనీసం 30 నిమిషాలు ఆగి, ట్యాంకు దగ్గర కాకుండా చివరి కుళాయి దగ్గర క్లోరిన్ కొలవండి. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు ఉండాలి. పిల్లలు దోసిలి పట్టేది అక్కడే కదా.

అక్కడ సున్నా వస్తే పైపులో లీకు వెతకండి, ముఖ్యంగా మరుగుదొడ్ల పక్కగా వెళ్లే చోట. అది సరయ్యేదాకా పిల్లలకు కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి.