ఫోటోలో హాలు స్పష్టంగా వచ్చినా ప్రేక్షకులు ఎందుకు చెరిగిపోతారు?

నెల్లూరు టౌన్ హాల్లో పద్యనాటకం జరుగుతుండగా ఫోటో తీస్తే, హాలు స్పష్టంగా వచ్చి ప్రేక్షకులు మాత్రం పొగలా కనిపించారని మీరు అడిగారు. దానికి కారణం షట్టర్ (కెమెరాలోకి వెలుగును వదిలే తలుపు) ఎక్కువసేపు తెరిచి ఉండటమే. కదలనిది నిలుస్తుంది, కదిలింది చెరిగిపోతుంది. జపాన్‌లో పుట్టిన ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో 1970ల నుంచి దీన్నే కళగా మలిచారు. సినిమా హాల్లో కెమెరా పెట్టి, సినిమా నడిచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంచారు. తెర మీద బొమ్మలన్నీ కరిగి తెల్లటి వెలుగు మిగిలింది, ఆ వెలుగులోనే హాలు నగిషీలు బయటపడ్డాయి. ఎంత అందమైన ఆలోచన!

మీకు ముఖాలే కావాలంటే ట్రైపాడ్ వాడి, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె) 3200, షట్టర్ వేగం సెకనులో 15వ వంతుతో మొదలుపెట్టండి. నటుడు రాగం తీస్తున్నప్పుడు నొక్కండి. అప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టి ఉంటుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న పెద్దాయన కళ్లద్దాల్లో వేదిక దీపం కూడా దొరుకుతుంది. ఫ్లాష్ మాత్రం వద్దు: ముందు వరుసల తలలు తెల్లబడి, వెనక హాలంతా చీకటైపోతుంది.