మద్రాసులో పాడాలనుకుంటే

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. కచేరీలు పెట్టించే నాలుగు సంగీత సభలకు రికార్డింగ్ పంపితే ఒక్కరూ జవాబివ్వలేదని ఏడ్చానన్నావు. నీ పాటలో లోపం ఉండి కాదమ్మా, వాళ్లు అసలు విని ఉండరు. నేను విజయవాడ నుంచి వయొలిన్ పెట్టె పట్టుకుని మైలాపూరు వచ్చిన కొత్తలో ఒక సభ సెక్రటరీ నన్ను వాయించమని కూడా అనలేదు, "ఎవరి శిష్యురాలివి?" అన్నాడు, మా గురువుగారి పేరు చెబితే ఆయనకి తెలియదు, అంతే, డైరీ మూసేశాడు. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.

ఈ లోకం చాలా చిన్నది. 1927లో మద్రాసు కాంగ్రెస్ మహాసభలతో పాటు జరిగిన సంగీత సదస్సు నుంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది, తర్వాత ఊరంతా సభలు లేచాయి గానీ, పాడేవాళ్లు, ఎంపిక చేసేవాళ్లు, ముందు వరసలో కూర్చునేవాళ్లు చాలావరకు ఒకరికొకరు చుట్టాలో ఒకే గురువు శిష్యులో అయ్యుంటారు. చెడ్డవాళ్లని అనను. తెలిసిన పిల్లకి చోటిస్తే మాట పడక్కర్లేదని వాళ్ల ధైర్యం. అయినా అన్యాయం అన్యాయమే.

నువ్వు సెక్రటరీల వెంట తిరగడం మానేసి పక్కవాద్యాల వాళ్లతో పరిచయం పెంచుకో. మృదంగం కుర్రాళ్లు ఒక్క డిసెంబరు కచేరీల సీజన్‌లోనే ఎంతోమంది గాయకుల పక్కన కూర్చుంటారు, ఎవరు తాళం నిలబెడతారో, ఎవరు తడబడతారో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ "ఆ తెలుగమ్మాయి బాగా పాడుతోంది" అని వాళ్లంటే అది తిరగాల్సిన చోటికల్లా తిరుగుతుంది. నా మొదటి కచేరీ ఒక ఘటం ఆయన చెప్పబట్టే వచ్చింది. వాళ్లకివ్వాల్సిన డబ్బు మాత్రం ఆ రోజే చేతిలో పెట్టు.

మధ్యాహ్నం కచేరీలకి వెళ్లి కూర్చో, చాలాచోట్ల టికెట్ ఉండదు. హాల్లో పాతికమంది ఉంటే తని, అంటే పాట ఆపి మృదంగం వాళ్లు విడిగా వాయించే ఘట్టం, మొదలవగానే సగం మంది లేచిపోతారు. నువ్వు లేవకు. అయ్యాక పాడిన పిల్ల దగ్గరికి వెళ్లి ఏ సంగతి, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడినప్పటి ఏ మలుపు, నచ్చిందో చెప్పు.

నీ తెలుగు కూడా నీకు బలమే. త్యాగయ్య కృతులు ఇక్కడి పిల్లలు తమిళ లిపిలో రాసుకుంటారు, అందులో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, అర్థం తెలియక మాటని మధ్యలో విరిచేస్తుంటారు. ఎవరైనా అడిగితే ఓపిగ్గా కూర్చుని చెప్పు, అడగకుండా నలుగురిలో దిద్దకు.

డొనేషన్ ఇస్తే స్లాట్ ఇస్తామనేవాళ్లు తగులుతారు. నాన్నని అప్పు చేయించకు. ఈ ఏడు డబ్బు కోసం పిలిచినవాళ్లు వచ్చే ఏడు కూడా డబ్బు కోసమే పిలుస్తారు.

డిసెంబరు 15 లోపే పినాకిని రైలెక్కి వచ్చేయ్, సెంట్రల్‌కి నేను వస్తాను. నెలంతా మా ఇంట్లోనే ఉండు. ఘటం ఆయన ఇప్పటికీ రెండు వీధుల అవతలే ఉంటారు, వచ్చిన మర్నాడే తీసుకెళ్తాను.

మీ పెద్దమ్మ