12 గేజా, 20 గేజా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సొంత ఇంట్లో ఉంటున్నాము. గ్రీన్‌కార్డు ఉంది. మా వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడిన తరువాత, రక్షణ కోసం షాట్‌గన్ కొనాలనుకుంటున్నాము. దుకాణంలో 12 గేజ్ తీసుకోమన్నారు. నా భార్య సన్నని మనిషి కనుక ఫోర్-టెన్ చాలని ఒక మిత్రుడు చెబుతున్నాడు. మరి 20 గేజ్ సంగతి ఏమిటి? మాకు తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. మా అమ్మానాన్నలు కూడా ప్రస్తుతం మాతోనే ఉన్నారు.

జవాబు: అవసరం పడితే మీ ఇద్దరిలో ఎవరైనా వాడవలసిన తుపాకీ కనుక, 20 గేజ్ తీసుకోమనే నా సలహా.

గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో ఆ లెక్కే గేజ్. అందుచేత అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: 12 గేజ్ లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్‌ది 15.6. మన ఊళ్లలో పన్నెండు బోరు అనేది ఈ 12 గేజ్‌నే. ఫోర్-టెన్ మాత్రం గేజ్ కాదు, గొట్టం లోపలి వెడల్పే: 0.410 అంగుళం.

12 గేజ్ డబుల్-ఆట్ బక్‌షాట్ (పెద్ద గుళ్ల రకం) తూటాలో 8.4 మిల్లీమీటర్ల గుళ్లు మామూలుగా తొమ్మిది ఉంటాయి. 20 గేజ్‌లో దొరికే నెంబరు 3 బక్‌షాట్‌లో 6.35 మిల్లీమీటర్ల గుళ్లు ఇరవై దాకా ఉంటాయి, గది దూరంలో అవి చాలినంత బలమైనవే. ఫోర్-టెన్‌లో పెద్ద గుళ్లు మూడు నుంచి అయిదు మాత్రమే కాబట్టి, కొత్తవారికి దానిని నేను సూచించను. ఎటు పేల్చినా తగులుతుందన్నది అపోహ. అయిదారు గజాల్లో గుళ్లు సుమారు అరచేయంత మేరకే విచ్చుకుంటాయి, గురి తప్పనిసరి. 12 గేజ్ భుజాన్ని గట్టిగా తన్నడం వల్ల సాధన మానేసినవారిని నేను చూశాను. 20 గేజ్ అంత గట్టిగా తన్నదు, కానీ అందులోనూ మరీ తేలికైనది కొంటే ఆ మేలు పోతుంది. తుపాకీ మడమ (భుజానికి ఆనించే వెనుక భాగం) చివరి నుంచి ట్రిగ్గరు దాకా ఉండే కొలత సాధారణంగా 14 అంగుళాలు, మీ శ్రీమతి గారికి 13 లోపు నప్పవచ్చు. కొనేముందు రేంజిలో (తుపాకీ సాధన చేసే చోట) అద్దెకు తీసుకుని ఇద్దరూ పేల్చి చూడండి.

అమెరికా ఇళ్లలో గదుల మధ్య ఉండేవి ఇటుక గోడలు కావు, కర్ర చట్రానికి రెండు వైపులా బిగించిన అర అంగుళం జిప్సం పలకలు. ఏ గేజ్ బక్‌షాట్ అయినా అలాంటి గోడలను ఒకటికి మించి దాటిపోగలదు. మీ పడకగది గుమ్మంలో నిలబడి, బాబు మంచం, అమ్మానాన్నల మంచం ఏ దిక్కున ఉన్నాయో ముందే చూసి పెట్టుకోండి, ఆ దిక్కుకు ఎన్నడూ పేల్చకూడదు.

రెండు గేజ్‌ల తూటాలను ఒకే ఇంట్లో ఉంచవద్దు. 12 గేజ్ తుపాకీలో పొరపాటున 20 గేజ్ తూటా వేస్తే, అది లోపలికి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఖాళీగా ఉందనుకుని వెనుక 12 గేజ్ తూటా వేసి పేల్చితే, గొట్టం చేతిలోనే పగిలిపోతుంది. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేసేది ఈ ప్రమాదం వల్లనే.

తుపాకీని తాళంలో ఉంచండి. పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేసినందువల్ల అది పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే, టెక్సస్‌లో అది నేరం. మీకు గ్రీన్‌కార్డు ఉంది కనుక కొనవచ్చు. హెచ్-1బి వంటి వీసాలపై ఉన్నవారికి మాత్రం, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు లేకపోతే, తుపాకీనీ తూటాలనూ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం.