విరాళం వెనక్కి రాదు, లెక్క చెప్పక తప్పదు

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏడాదికి సుమారు 7 లక్షల పెన్షన్ వస్తుంది. 2020లో నా భార్య కన్నుమూసింది. ఆమె జ్ఞాపకార్థం 2021 జూన్‌లో కర్ణాటకలోని ఒక ట్రస్టుకు 4 లక్షలు ఇచ్చాను. పేద విద్యార్థినుల వసతి గృహంలో చదువు గదులు కట్టి, వాటికి ఆమె పేరు పెడతామన్నారు. 2022 ఉగాది నాటికి పూర్తవుతాయన్నారు. ఇంతవరకు ఒక్క ఇటుక పడలేదు. రెండున్నర లక్షలు చెక్కు, మిగతాది కార్యదర్శి చేతికి నగదు. చెక్కుకే రసీదు ఉంది. 2024 జనవరిలో లాయర్ నోటీసు ఇప్పించాను, జవాబు లేదు. ఇప్పుడు గొడవ మానేస్తే ఈ ఏడాది తేదీతో మొత్తం 4 లక్షలకు రసీదు ఇస్తామని, పన్ను మినహాయింపు వస్తుందని కార్యదర్శి అంటున్నారు. తీసుకోమంటారా? పోలీసు కేసు పెట్టి నా డబ్బు రాబట్టుకోమంటారా? ఆమె ఆత్మ క్షోభిస్తోందని నిద్ర పట్టడం లేదు. ఇంకో సంస్థకు 50 వేలు ఇద్దామనుకుంటున్నాను, ఎలా ఎంచుకోవాలి?

జవాబు: మీరు పంపిన కాగితాల్లో మీ కేసును తేల్చేది ఒక్కటే. చెక్కు రసీదు మీద నీలం సిరాతో, చేతిరాతలో ఉన్న వరుస: ‘విద్యార్థినుల చదువు గదుల నిర్మాణ నిధికి’. దాని కింద సంతకం, ట్రస్టు ముద్ర, చెక్కు నంబరు ఉన్నాయి. ఉత్తరంలో నాలుగు పేజీలు రాసిన మీరు ఈ వరుస గురించి ఒక్క మాటైనా రాయలేదు. ఇకనుంచి మీ ఆలోచన దాని చుట్టూనే తిరగాలి.

ముందు ‘నా డబ్బు’ అనే మాట పక్కన పెట్టండి. చెక్కు ట్రస్టు ఖాతాలో పడిన రోజే అది మీది కాకుండా పోయింది. గదులు కట్టనందుకు తిరిగి ఇమ్మని దావా వేయాలన్నా మూడేళ్ళే గడువు. 2022 ఉగాదికి మాట తప్పారు కాబట్టి అక్కడినుంచి లెక్కపెడితే 2025 ఏప్రిల్‌తో సరి. డబ్బిచ్చిన 2021 జూన్ నుంచే లెక్కపెట్టి, కోవిడ్ కారణంగా సుప్రీంకోర్టు మినహాయించిన 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని తీసేసినా 2025 ఫిబ్రవరి దాటదు. ఏ దారిన చూసినా ఆ దావాకు కాలదోషం పట్టింది.

2024 జనవరిలో నోటీసు ఇప్పించిన రోజున మీకు ఇంకా ఏడాదికి పైగా గడువుంది. నోటీసు పంపితే గడువు ఆగుతుందని మీకు ఎవరు చెప్పారో గాని అది శుద్ధ తప్పు. నోటీసు గడువును ఒక్క రోజు కూడా పెంచదు. పోలీసు ఫిర్యాదు కూడా సివిల్ గడువును ఆపదు. గడువు లోపల ఎదుటివాడు బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే కొత్త గడువు మొదలవుతుంది. జవాబు రాని నోటీసును నమ్ముకుని అంత కాలం చేతులు కట్టుకుని కూర్చోవడం మీ నిర్లక్ష్యమే. బ్యాంకులో పనిచేసిన వారు గడువు విలువ తెలియదంటే ఎలా?

అయితే దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలోనే 10వ సెక్షన్ ఉంది. ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం ట్రస్టుగా ఒకరి చేతికి చేరిన ఆస్తిని వెంబడించడానికి గాని, దాని లెక్క అడగడానికి గాని వారి మీద వేసే దావాకు ఎంత కాలమైనా కాలదోషం పట్టదు. మీ రసీదు విలువ ఇక్కడే తెలుస్తుంది. ‘నిర్దిష్ట ప్రయోజనం’ అని చట్టం అడిగేది ఆ నీలం సిరా వరుసలో ఉంది. అదే ‘సాధారణ విరాళం’ అని రాసి ఉంటే ఈ జవాబు ఇక్కడితో ముగించేవాణ్ణి.

ఇప్పుడు కార్యదర్శి ఇస్తానంటున్న కొత్త రసీదు సంగతి. తీసుకోకండి. చేత్తో ముట్టుకోకండి. ఈ ఏడాది తేదీతో 4 లక్షలు అందాయన్న కాగితాన్ని మీరు తీసుకుంటే 2021లో గదుల కోసం ఇచ్చారన్న మీ కథను మీరే చెరిపేసుకున్నట్టు. ఆ రసీదుతో పాటు ‘ఇకపై ఎలాంటి క్లెయిములు లేవు’ అన్న ఉత్తరం మీద సంతకం అడుగుతారు, చూడండి. పైగా 2022 రిటర్నులో ఆ రెండున్నర లక్షలకు 80జి (విరాళాల మీద ఇచ్చే పన్ను మినహాయింపు) ఒకసారి తీసుకున్నారు. అదే డబ్బును మళ్ళీ చూపితే అది తప్పుడు క్లెయిము, దాని వల్ల తగ్గిన పన్నుకు రెట్టింపు జరిమానా పడవచ్చు. తెలిసి తప్పుడు వివరాలు ఇస్తే ప్రాసిక్యూషన్ కూడా ఉంది. ట్రస్టులు ఏటా దాతల జాబితాను 10బిడి ఫారంలో పన్ను శాఖకు పంపుతున్నాయి, మీ రిటర్నుతో దాన్ని పోల్చి చూడటం ఇప్పుడు చిటికెలో పని. 2025 జులైలో తప్పుడు మినహాయింపుల మీద ఆ శాఖ దేశమంతటా తనిఖీలు చేసింది.

ఇంత ప్రమాదం పెట్టుకుంటే మీకు మిగిలేదెంతో చూడండి. 2 వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జి వర్తించదు కాబట్టి లక్షన్నర మొదటే పోయింది. ఇలాంటి ట్రస్టులకిచ్చే విరాళంలో లెక్కలోకి వచ్చేది మీ ఆదాయంలో పదో వంతు వరకే, అంటే 70 వేలు. అందులో సగం 35 వేలు మినహాయింపు. పాత విధానంలో 20 శాతం శ్లాబులో దానికి ఆదా అయ్యే పన్ను 7 వేలు, పైన కొంచెం సెస్సు. కొత్త విధానంలో 80జి అసలు లేదు. 2025-26 నుంచి 12 లక్షల వరకు ఆదాయానికి అక్కడ పన్నూ పడదు. మీ పెన్షన్‌కు ఆ రసీదుతో పనే లేదు. పనికిరాని కాగితం కోసం పనికొచ్చే ఒక్క కాగితాన్ని చంపుకోమంటున్నారు మిమ్మల్ని.

పోలీసు కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. మోసం అనాలంటే డబ్బు తీసుకునేటప్పుడే కట్టే ఉద్దేశం లేదని చూపాలి. మీ దగ్గర అలాంటి ఆధారం లేదు. నమ్మక ద్రోహం కేసు పెడదామంటే, అది 2024 జులైకి ముందు సంగతి కాబట్టి పాత శిక్షాస్మృతి 406వ సెక్షన్ వర్తిస్తుంది. దానికి మూడేళ్ళ లోపే కోర్టుకు రావాలి. బెదిరించడానికి కేసు పెట్టి, అది వీగిపోతే వాళ్ళు ఆ ఉత్తర్వునే సివిల్ కోర్టులో మీ ముందు పెడతారు.

మీకు ఉన్న సరైన దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్. ప్రజల మేలు కోసం ఏర్పడిన ట్రస్టులో ధర్మకర్తలు దారి తప్పితే, ఆ ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది కోర్టు అనుమతి తీసుకుని దావా వేయవచ్చు. లెక్కలు చెప్పించమని, ధర్మకర్తను తొలగించమని, ట్రస్టు నడపడానికి ఒక పథకం ఏర్పాటు చేయమని అడగవచ్చు. ఒక్కరే వేస్తే గడప కూడా దాటదు, అందుకని రెండో మనిషి కావాలి. గదుల కోసం ఇచ్చిన ఇంకో దాత గాని, ఆ వసతి గృహంలో ఉంటున్న అమ్మాయి తల్లిదండ్రులు గాని అయితే బాగుంటుంది. ఒక విషయం గుర్తుంచుకోండి: సొంత తగాదా తీర్చుకోవడానికి వచ్చారని జడ్జికి అనిపిస్తే అనుమతి రాదు. కాబట్టి దావా కాగితంలో మీ భార్య పేరు, ఫలకం, మీ బాధ ఏవీ ఉండకూడదు. ‘గదుల పేరిట వసూలు చేసిన నిధి ఎక్కడుంది, దేనికి ఖర్చయింది?’ ఇంతవరకే ఉండాలి.

(ఇది కర్ణాటకలోని ట్రస్టు కాబట్టి ఇలా చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులు దీన్ని యథాతథంగా అనుసరించకండి. అక్కడి దేవాదాయ చట్టం (1987 నాటి 30వ చట్టం) వక్ఫులు తప్ప పబ్లిక్ చారిటబుల్ సంస్థలకు, నమోదైనా కాకపోయినా, వర్తిస్తుంది. ముందు దేవాదాయ శాఖ తలుపు తట్టాలి.)

దావాకు ముందు ఈ పనులు చేయండి. అసలు రసీదును లామినేట్ చేయించకండి, కవరులో భద్రపరచండి. చెక్కు ట్రస్టు ఖాతాలో జమైనట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటును బ్యాంకు ధృవీకరణతో తీసుకోండి. ‘నిధి మా దగ్గరే ఉంది, ప్లాను అనుమతి రాలేదు’ అని కార్యదర్శి 2023లో వాట్సాప్‌లో పెట్టిన సందేశం మీకు రెండో బలం. ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ధృవపత్రం లేకుండా దాని ప్రింటు కోర్టులో నిలవదు. ముఖ్య ధర్మకర్తకు అందినట్టు రుజువు తెప్పించే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి: రసీదు నంబరు, తేదీ, ప్రయోజనం, నిధి ఇప్పుడు ఏ ఖాతాలో ఉందన్న ప్రశ్న. బెదిరింపు ఒక్క ముక్క వద్దు. జవాబు రాకపోతే అదే ఉత్తరం నకలుతో ఆదాయపు పన్ను శాఖలో ట్రస్టుల మినహాయింపులు చూసే కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. ఒక పనికి తీసుకున్న డబ్బును లక్ష్యాలకు బయట వాడితే 12ఎబి రిజిస్ట్రేషన్ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది) రద్దు చేసే అధికారం ఆ అధికారికి ఉంది. కోర్టు సమన్ల కన్నా ట్రస్టులు దీనికే ఎక్కువ భయపడతాయి.

నగదు లక్షన్నర మీద ఆశ పెట్టుకోకండి. ఆ రోజు బ్యాంకులో తీసిన స్లిప్పు మీరు డబ్బు తీశారని చెబుతుంది గాని ఎవరికిచ్చారో చెప్పదు. మీ అల్లుడు పక్కన ఉన్నారంటున్నారు కాబట్టి ఆయన సాక్ష్యంతో లెక్కల దావాలో ఆ మొత్తాన్ని కూడా అడుగుదాం, నిలిస్తే నిలుస్తుంది.

ఇక 50 వేల సంగతి. ఆ సంస్థకు 12ఎబి, 80జి అనుమతులు ఏ తేదీ వరకు ఉన్నాయో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో చూడండి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో పేరుందంటే నమోదు చేసుకున్నారని అర్థం, నిజాయతీకి అది ముద్ర కాదు. ఆడిట్ లెక్కలు అడగండి, మంచి సంస్థ అడిగిన మనిషిని గౌరవిస్తుంది. చెక్కు సంస్థ పేరు మీదే రాయండి, వ్యక్తి ఫోను నంబరుకు పంపకండి. చెక్కుతో పాటు దేనికిస్తున్నారో, ఎప్పటికి పూర్తి కావాలో, కాకపోతే ఆ డబ్బు ఏ పనికి మళ్ళించాలో రెండు వరుసల ఉత్తరం ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. మొత్తం ఒకేసారి ఇవ్వకండి. 25 వేలు ఇచ్చి, పని మీ కళ్ళతో చూశాక మిగతాది ఇవ్వండి.