బోల్ట్ లాగినా ఖోకా రాకపోతే

ప్రశ్న: మా షూటింగ్ క్లబ్బులో పాయింట్ 22 టార్గెట్ రైఫిల్ ఉంది. మొదటి 20 రౌండ్లు ఇబ్బంది లేకుండా పోతాయి. ఆ తర్వాత బోల్ట్ వెనక్కి లాగితే ఖాళీ ఖోకా (పేలిన తూటా ఇత్తడి తొడుగు) తూటా కూర్చునే ఛాంబర్‌లోనే ఉండిపోతోంది. ఖోకాను పట్టి లాగే కొక్కెం, అంటే ఎక్స్‌ట్రాక్టర్, దాని స్ప్రింగు మార్చమని తోటివాళ్లు అంటున్నారు. మార్చాలా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇప్పుడే మార్చకండి. స్ప్రింగు మెత్తబడి ఉంటే మొదటి రౌండ్ల నుంచే అప్పుడప్పుడు మొరాయించేది. 20 దాటాక మొదలవుతోందంటే అది పోగుపడే మురికి పని.

పాయింట్ 22 గుండు సీసంది, పైన మైనం పూత ఉంటుంది. పేలిన ప్రతిసారీ కొంచెం మైనం, మసి, సీసం పొడి ఖోకా మూతి ఆనే చోటికి కాస్త ముందు ఉంగరంలా పేరుకుంటాయి. కొత్త తూటా ఆ ఉంగరంలోకి బిగుసుకుంటుంది, పేలాక వదలదు. లోపలికి తోసేటప్పుడు చివర్లో బొటనవేలితో నొక్కాల్సి వస్తోందా? అయితే ఉంగరం ఉన్నట్టే. పొడవు తక్కువున్న షార్ట్ తూటాలు కాల్చే రైఫిల్లో ఇది ఇంకా ముదురుతుంది. అనంతపురం ఎండకు మైనం మెత్తబడుతుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. అందుకే వేసవిలో శుభ్రం చేసే గడువు తగ్గించుకోవాలి.

మురికి చేరే రెండో చోటు చాలామంది చూడనే చూడరు. బ్యారెల్ వెనక ముఖం మీద ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం దిగడానికి సన్నని గాడి ఉంటుంది. అది నిండితే కొక్కెం పూర్తిగా దిగదు, తూటా అంచును సరిగ్గా పట్టదు. ఆ అంచు మందం మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. కొక్కెం కొంచెం పైకి ఆగినా పట్టు జారుతుంది. ఇరుక్కున్న ఖోకాను క్లీనింగ్ రాడ్‌తో బయటికి తీసి అంచు చూడండి. కొక్కెం తగిలే చోట మెరిసే గీత గానీ, చిన్న తెగు గానీ ఉంటే పట్టి జారింది. ఏ గుర్తూ లేకపోతే అసలు పట్టనే లేదు.

శుభ్రం చేసే ముందు తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే బోల్ట్ బయటికి తీయండి. గుడ్డను సాల్వెంట్‌లో తడిపి ఛాంబర్‌లో 10 నిమిషాలు ఉంచండి. పాయింట్ 22 కంచు బ్రష్‌ను పొట్టి రాడ్‌కు తగిలించి వెనక వైపు నుంచే పెట్టి, ఛాంబర్ వరకే, 10 చుట్లు తిప్పండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. గాడిని వెదురు పుల్లతో గీకండి, ఇనుప సూది వద్దు. కాల్చే ముందు ఛాంబర్ పొడిగా ఉండాలి. నూనె మిగిలితే ఖోకా గోడను పట్టుకోదు, పేలిన ఒత్తిడంతా బోల్ట్ మీదికి వస్తుంది.

అప్పటికీ ఖోకా రాకపోతే కొక్కేన్ని పరీక్షించండి. బయటికి తీసిన బోల్ట్ ముఖానికి ఒక ఖాళీ ఖోకాను తగిలించి అడ్డంగా పట్టుకోండి. దానంతట అది నిలవాలి. జారిపడితే కొక్కెం మొన అరిగింది లేదా స్ప్రింగు అలసింది. అప్పుడు ఆ రెండూ మార్చండి.

ఖోకా నిలుస్తోంది, కానీ ఛాంబర్ నుంచి రావట్లేదా? ఛాంబర్ అంచు మీద ఫైరింగ్ పిన్ కొట్టిన గుంట ఉందేమో భూతద్దంతో చూడండి. ఖాళీ ఛాంబర్ మీద పదేపదే ట్రిగ్గర్ నొక్కితే కొన్ని రైఫిళ్లలో పిన్ ఆ అంచును కొట్టి ముల్లులా లేపుతుంది. ఆ ముల్లు ఖోకాను పట్టేస్తుంది. దాన్ని ఆకురాయితో మాత్రం రుద్దకండి. అంచును ఒత్తి సరిచేసే పనిముట్టు వేరే ఉంది. అది రిపేరు లైసెన్సు ఉన్న ఆర్మరర్ చేయాల్సిన పని. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల రిపేరుకు లైసెన్సు ఉండాలి కాబట్టి ఊళ్లో లేతు మిషను దగ్గరికి పట్టుకెళ్లవద్దు.

ప్రశ్న: ఖోకా బయటికి వస్తోంది గానీ పక్కకు ఎగరడం లేదు. బోల్ట్ ముందే పడుకుంటోంది.
- ప్రొద్దుటూరు పాఠకురాలు

జవాబు: బోల్ట్‌ను నిదానంగా లాగి చూడండమ్మా. ఖోకాను పక్కకు ఎగరేసే రేకు, అంటే ఎజెక్టర్, తగిలే లోపే ఖోకా జారిపడితే తప్పు కొక్కేనిది, పై జవాబు చూడండి. ఎజెక్టర్ దాకా వచ్చి ఒరిగిపోతే ఎజెక్టర్ రేకు వంగిందేమో, దాని మీద మసి గట్టిపడిందేమో చూడాలి. స్థిరంగా ఉండే రేకైతే ఖోకా ఎంత దూరం పోతుందన్నది మీరు లాగే వేగాన్ని బట్టే ఉంటుంది. ప్రోన్‌లో పడుకుని మెల్లగా లాగేవాళ్లకు అది పక్కనే పడటం లోపం కాదు. టెలిస్కోప్ మరీ కిందికి బిగించి ఉంటే ఖోకా దానికి తగిలి వెనక్కి పడుతుంది. ఇత్తడి మరక ఉంటే తెలిసిపోతుంది.

ప్రశ్న: డిసెంబరు పొద్దున ప్రాక్టీసులో కొన్ని తూటాలు పేలడం లేదు. బోల్ట్ ఎత్తడం కూడా బిగువుగా ఉంది. ప్రతి వారం బోల్ట్ లోపల కొబ్బరి నూనె వేస్తున్నాం.
- కర్నూలు

జవాబు: ఆ నూనే కారణం. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. కర్నూలులో డిసెంబరు తెల్లవారుజామున అంతకంటే చల్లగా ఉంటుంది. గడ్డకట్టిన నూనెలో ఫైరింగ్ పిన్ దెబ్బ నీరసిస్తుంది. వేరుశనగ నూనె కూడా పనికిరాదు, గాలికి జిగురవుతుంది.

బోల్ట్ విప్పి, రంగుల షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్‌తో పిన్ను, స్ప్రింగును, లోపలి గొట్టాన్ని కడిగి పూర్తిగా ఆరబెట్టండి. పిన్ మీద పలచటి మినరల్ ఆయిల్‌తో తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. పిన్‌ను వెనక్కి నెట్టే వాలు తలం మీద మాత్రం అగ్గిపుల్ల తలంత గ్రీజు పెట్టండి. ఛాంబర్ ఖాళీగా ఉన్నప్పుడూ బోల్ట్ బిగువుగా లేస్తుంటే ఆ వాలు ఎండిందని అర్థం. కాల్చాక మాత్రమే బిగిస్తే తప్పు ఛాంబర్‌ది.

ఇంకో మాట. క్లబ్బులో ఒకే రకం రైఫిళ్లు రెండుంటే శుభ్రం చేసేటప్పుడు బోల్ట్‌లు తారుమారు కానివ్వకండి. తూటా అంచుకూ బోల్ట్‌కూ మధ్య సందు ఆ జతకే సరిచేసి ఉంటుంది. బోల్ట్ మీద నంబరు ఉంటే రైఫిల్ నంబరుతో సరిచూసి బిగించండి.

పేలని తూటా ఎదురైతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాకే బోల్ట్ తెరవండి. ఆలస్యంగా పేలే తూటా ఉండొచ్చు. శబ్దం చిన్నగా వచ్చి టార్గెట్ మీద రంధ్రం లేకపోతే ఇంకో రౌండు వేయవద్దు. బోల్ట్ తీసి, గొట్టంలో గుండు ఇరుక్కుందేమో వెలుతురుకు పట్టి వెనక వైపు నుంచి చూడండి.