ఉంగరంలోది ఉల్క రాయేనా?

ప్రశ్న: మా అమ్మాయి నిశ్చితార్థానికి అబ్బాయి వాళ్లు మోయిసనైట్ ఉంగరం పెట్టారు. ఉల్కల్లో దొరికే రాయి అన్నారు. నెల్లూరులో తెలిసినవాళ్ల నగల షాపులో పెన్ను లాంటి టెస్టర్ పెడితే డైమండ్ అని చూపించింది. ఇంతకీ ఇది ఏంటండీ?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: టెస్టర్ మాట పక్కన పెట్టండమ్మా. రాయి వేడిని ఎంత త్వరగా లాగేస్తుందో ఒక్కటే అది చూస్తుంది, ఆ విషయంలో మోయిసనైట్ వజ్రానికి బాగా దగ్గర, అందుకే రెండిటికీ ఒకే లైటు వెలుగుతుంది.

పదిరెట్లు పెద్దగా చూపించే లూప్ అడిగి తీసుకోండి. రాయిని కాస్త వాలుగా పట్టుకుని లోపలికి చూస్తే వెనకవైపు కోతల అంచులు ఒక్కోటి రెండేసి గీతలుగా కనిపిస్తాయి. మోయిసనైట్‌లోకి వెళ్లిన కాంతి రెండుగా చీలి వేర్వేరు వేగాలతో పోతుంది, వజ్రంలో ఈ చీలిక ఉండదు. నేరుగా పైనుంచి చూస్తే మాత్రం తెలియకపోవచ్చు, ఎందుకంటే ఆ జంట గీతలు ముఖం మీద కనబడకుండా దిశ చూసుకునే రాయిని కోస్తారు.

ఇక మెరుపు. దీని వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత, 2.65 నుంచి 2.69, వజ్రానిది 2.42. కాంతిని రంగులుగా విడదీయడంలో అయితే వజ్రానికి రెట్టింపు పైనే (0.104, వజ్రానికి 0.044), అందుకే కల్యాణమండపం లైట్ల కింద చెయ్యి కదిపితే ఎరుపు, నీలం, ఆకుపచ్చ చిమ్ముతాయి. కొందరికి ఆ రంగులు ఎక్కువనిపిస్తాయి, నాకు మాత్రం ఈ రాయి అందమంతా అక్కడే ఉంది. గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద ఇది 9.25. మన గూడూరు అభ్రకం పొరల మీద 2.5 దగ్గరే, గోటితో పొరలు లేస్తాయి. మోయిసనైట్ అంత గట్టిది కాబట్టి గీతలు పడతాయన్న టెన్షన్ లేకుండా రోజూ పెట్టుకోవచ్చు.

ఉల్క కథ కూడా ఉన్నదే. 1893లో హెన్రీ మోయిసన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అమెరికాలోని కాన్యన్ డయాబ్లో ఉల్క ముక్కల్లో ఈ స్ఫటికాలు చూసి మొదట వజ్రాలే అనుకున్నాడు, తర్వాత సిలికాన్, కార్బన్ కలిసిన సిలికాన్ కార్బైడ్ అని తేలింది. 1969లో ఆస్ట్రేలియాలో పడ్డ మర్చిసన్ ఉల్కలో దొరికిన రేణువులైతే ఇంకా అద్భుతం, మన సూర్యుడు పుట్టకముందే వేరే నక్షత్రాల దగ్గర తయారైనవి! కానీ అవి కంటికి ఆననంత చిన్నవి. నగల్లో పెట్టేదంతా ల్యాబులో పెంచిందే. అబ్బాయి వాళ్లు పేరు దాచకుండా చెప్పారు కదా, వాళ్లను అనుమానించక్కర్లేదు. ఉల్క అని చెప్పి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే మాత్రం ఇవ్వకండి.